పీజ్ గ్రామమున దూరదర్శనము

గుజరాతు రాష్ట్రమున సబర్మతీ, మహీ నదుల నడుమ ఖేడా ప్రాంతము కలదు. ఇది సారవంతమైన నేల. పొగాకు మొదలగు పైరు లిచ్చట విరివిగా పండును. 1918లో గాంధీ మహాత్ముడు రైతుల పక్షమున పన్నుల నిరాకరణ సత్యాగ్రహము నడపినది ఇచ్చటనే. 1946లో పాడిరైతులు దళారుల బారినుండి తప్పించుకొనుటకై జిల్లా పాల సహకార సంఘమును స్థాపించుకొన్నదియు ఇచ్చటనే. ఈ రెండు ఘట్టములను దేశ చరిత్ర యెరుగును. ఈ ప్రాంతమందే జరిగిన మూడవ ఘట్టము మాత్రము అంతగా ప్రసిద్ధికి రాలేదు. నడియాదు పట్టణమునకు చేరువనున్న పీజ్ అను గ్రామమున 1975లో ఒక దూరదర్శన ప్రసారకేంద్రము వెలసెను. దూరదర్శన మనగా మహానగరములకే చెందిన వింత అని ప్రజలు తలచుచుండిన దినములలో, అది పల్లెలో నిలిచి, పల్లెవారి కొరకు, పల్లెవారి భాషలో మాటలాడెను.

ఈ విషయము చక్కగా తెలియవలెనన్న కొంత పూర్వకథ తెలిసికొనవలెను. మన దేశమున దూరదర్శన ప్రసారములు 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీ నగరమున ప్రారంభమయ్యెను. అప్పటి కది కేవలము ప్రయోగము. వారమునకు రెండు దినములు మాత్రమే కొద్దిసేపు జరుగుచుండెను. 1967 జనవరి 26న ఢిల్లీ పరిసరములందలి 80 గ్రామములకు ‘కృషి దర్శన్’ అను వ్యవసాయ కార్యక్రమము మొదలయ్యెను. రైతులు ఒకచోట గుమికూడి దానిని చూచి, విన్న విషయములను తమలో తాము చర్చించుకొనెడివారు. బొంబాయి నగరమునకు దూరదర్శనము 1972లో వచ్చెను. ఈ రీతిగా ఒక్కొక్క నగరమునకే ప్రసారకేంద్రమును నిర్మించుకొనుచు పోయినచో, దేశమందలి లక్షలాది గ్రామముల వంతు వచ్చునప్పటికి ఎన్ని దశాబ్దములు గడచునో చెప్పజాలము.

ఈ చిక్కును గుర్తించినవాడు డాక్టరు విక్రమ్ సారాభాయి. ఆయన మన అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన శాస్త్రవేత్త. దూరదర్శనము ముందు నగరములకును పిదప గ్రామములకును పోవలెనను నియమ మేల? ఉపగ్రహము సహాయమున్నచో మారుమూల పల్లెకే ముందుగా పోవచ్చును గదా! ఇదియే ఆయన తలంపు. 1969లో మన దేశమునకును అమెరికా దేశపు అంతరిక్ష సంస్థయగు నాసాకును ఈ విషయమై ఒప్పందము కుదిరెను. ఆ ఫలితమును కన్నులార చూచు భాగ్యము సారాభాయికి కలుగలేదు. 1971 డిసెంబరులో ఆయన పరమపదించెను. ఆయన సహచరులు ఆ కార్యమును కొనసాగించిరి.

ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును నాసా 1974 మే నెలలో అంతరిక్షమునకు పంపెను. భూమధ్యరేఖకు పైగా సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండు ఉపగ్రహము భూమితోపాటు సమముగా తిరుగుచు, మనకు ఆకాశమున ఒకేచోట నిలిచియున్నట్లు కనబడును. కావున నేలపై నున్న గ్రాహకమును మాటిమాటికి త్రిప్పవలసిన పని యుండదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు ఒక సంవత్సర కాలము ఈ ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమయ్యెను. ఒక్క చిత్రముతోపాటు రెండు భాషల ధ్వనులను ఒకేసారి పంపు ఏర్పాటు దానియందు కలదు. కోళ్ల దొడ్లకు కట్టు ఇనుప తీగల వలతో మూడు మీటర్ల వెడల్పుగల గొడుగువంటి గ్రాహకములను చేసి గ్రామములందు నిలిపిరి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదు నగరమున తయారయ్యెను. నగరమున సైతము దూరదర్శన ప్రసారము లేని ఆ కాలమున, మన పల్లెలలో కొన్నింటి ప్రజలు సాయంకాలము పాఠశాల ముంగిట కూర్చుండి తెలుగు కార్యక్రమములు చూచిరనుట నేడు తలచుకొనిన ఆశ్చర్యము కలుగును. హైదరాబాదునకు తన దూరదర్శన కేంద్రము 1977లో గాని రాలేదు.

ఉపగ్రహమునకు గొప్ప శక్తి కలదు. దానికొక లోపమును కలదు. అది ఒక్కమాటుగా అనేక ప్రదేశములతో మాటలాడును. ఒక జిల్లాలో వానలు కురిసి విత్తనములు చల్లుచుండగా వేరొక జిల్లాలో నేల బీటలు వారియుండవచ్చును. ఒక సీమవారి మాట మరియొక సీమవారికి ఎబ్బెట్టుగా తోచవచ్చును. అందరికిని చెప్పదగిన మాట ఏ యొక్కరికిని సరిగా సరిపోకుండుట కలదు. ఈ లోపమును తీర్చుటకు ఉపగ్రహముతోపాటు చిన్న స్థానిక కేంద్రమును గూడ జతపరచి చూడవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. అహమ్మదాబాదు నందలి అంతరిక్ష ఉపయోగ కేంద్రమువారు, ఆచార్య యశ్‌పాల్ నాయకత్వమున, ఆ పనికి పూనుకొనిరి. అట్లు పుట్టినదే పీజ్ ప్రసారకేంద్రము.

ఆ కేంద్రము పనిచేయు విధము నిక తెలిసికొందము. కార్యక్రమములు తయారగు చిత్రశాల అహమ్మదాబాదు నందుండెను. అచ్చట కెమెరా యెదుటి దృశ్యమును అడ్డుగీతలుగా విభజించును. మన దేశమున అవలంబించిన పద్ధతి ననుసరించి ఒక్కొక్క చిత్రమునకు 625 గీతలు. సెకనునకు 25 చిత్రములు. ప్రతి గీత యందలి వెలుగునీడల హెచ్చుతగ్గులు విద్యుత్ప్రవాహపు హెచ్చుతగ్గులుగా మారును. ఈ సంకేతము అహమ్మదాబాదు నుండి పీజ్ గ్రామమునకు చేరును. అచ్చటి ప్రసారయంత్రము దానిని విద్యుదయస్కాంత తరంగములపై నెక్కించి, ఎత్తయిన స్తంభము కొననుండి నలుదిక్కులకు వెదజల్లును. గ్రామములందలి దూరదర్శన యంత్రము ఆ తరంగములను గ్రహించి, గీత వెంబడి గీతగా తెరపై తిరిగి వెలుగునీడలను చిత్రించును. మన కన్నులు అంత వేగమున మారు చిత్రములను వేరుపరుపజాలవు గనుక అది కదలుచున్న దృశ్యమువలె తోచును.

పీజ్ ప్రసారయంత్రపు శక్తి ఒక కిలోవాటు మాత్రమే. అది సుమారు 35 కిలోమీటర్ల దూరము వరకు పనిచేసెను. దూరదర్శన తరంగములు ఇంచుమించుగా తిన్నని దారిని పోవును; భూమియొక్క వంపును అనుసరించి వంగవు. అందుచేత స్తంభము ఎత్తు పెరిగినకొలది ప్రసారము దూరము పోవును. దిగంతమునకు ఆవల నున్నవారికి మాత్రము అందదు. ఇది యొక లోటని పైపైన చూచువారి కనిపించును. కాని పీజ్ కేంద్రమునకు ఈ పరిమితియే బలమయ్యెను. దాని శ్రోతలెవరో, ఎచ్చట నుండిరో, ఏమి పండించుచుండిరో దానికి చక్కగా తెలియును.

ఆ పరిధియందలి సుమారు 400 గ్రామములలో 600లకు పైబడిన సామూహిక దూరదర్శన యంత్రము లుండెను. యంత్రము ఏ ఒక్క ధనికుని ఇంటనో గాక పదిమందియు చేరదగిన చోట నుంచబడెను. ఉదయము, సాయంకాలము పాలు పోయుటకు వచ్చు పాడిరైతులకు ఒకచోట కలిసికొనుట అంతకుముందే అలవాటైన విషయము. రాత్రి పనులు తీరిన పిదప పురుషులు, స్త్రీలు, బాలురు నేలపై కూర్చుండి కార్యక్రమములను చూచెడివారు.

ఇక కార్యక్రమముల సంగతి. ఢిల్లీ నుండి వచ్చు ప్రసారమును కొంతసేపు పీజ్ కేంద్రము అందించుచుండెను. తన స్వంత కాలమును మాత్రము జిల్లా ప్రజలకొరకే వినియోగించెను. అందులో వాణిజ్య ప్రకటనలు లేవు. పాత్రలు ఆ ప్రాంతపు మాండలికముననే మాటలాడెను. కెమెరాలను పల్లెలకు గొనిపోయి, పొలముల నడుమను, ఇండ్ల ముంగిళ్లను చిత్రించిరి. పెక్కుమార్లు గ్రామస్థులే నటులైరి. ‘చతుర్ మోటా’ అను ధారావాహిక ఆ పల్లెలలో మిక్కిలి జనాదరణ పొందెను. పశువుల పోషణము, ఆరోగ్యము, సహకార సంఘముల నిర్వహణము మొదలగు విషయము లందుండెను. వ్యవసాయ కూలీలకు చట్టము నిర్ణయించిన కనీస వేతనము, అస్పృశ్యత, మద్యపానము, స్త్రీల కష్టములు మొదలగు కఠినమైన విషయములను గూడ ఆ కేంద్రము విడిచిపెట్టలేదు.

ఇచ్చట మనము కొంత ఆలోచింపవలెను. తనకు రావలసిన కూలి యెంతో తెలియని కూలివాడును, ఆ కూలి నియ్యవలసిన ఆసామియు ఒకే యంత్రము నెదుట, ఒకే చావడిలో కూర్చుండి ఆ కార్యక్రమమును చూచినప్పుడు ఎట్లుండునో ఊహించుకొనుడు. కాగితముపై అచ్చయిన చట్టము చదువురాని వానికి అందదు. అదే చట్టము తన యాసలో, తనవంటి మనుష్యుని నోట వినిపించినప్పుడు అతడు దానిని మరచిపోజాలడు. ఇట్టి మాట కొందరికి ఇష్టము కాకపోవుటయు సహజమే. కనుక పీజ్ కేంద్రమువారి పని వినోదము కల్పించుటకంటె కష్టమైనది.

ఆ కష్టమును వారు ఒక శాస్త్రీయ పద్ధతిచే నెదుర్కొనిరి. కార్యక్రమమును వ్రాయుటకు ముందే పరిశోధకులు పల్లెలకు పోయి, అచ్చటి ప్రజల కేమి తెలియునో, ఏమి తెలియదో, ఏది వారిని బాధించుచున్నదో విచారించిరి. కార్యక్రమమును ప్రజలకు చూపి, అర్థము కాని భాగము లేవో కనుగొనిరి. ప్రసారమైన పిమ్మట మరల పోయి, దాని ఫలితము నరసిరి. వైద్యుడు రోగిని ప్రశ్నించి, పరీక్షించి, మందిచ్చి, మరల వచ్చి చూచినట్లుగా వారి పని సాగెను. పరిశోధకుడు, రచయిత, యంత్రజ్ఞుడు ముగ్గురును కూడి పనిచేయుట ఆ కేంద్రమునకు గల విశేషము. పల్లెవాడు కేవలము చూచువాడు కాదనియు, కార్యక్రమమును తయారుచేయుటలో భాగస్థుడనియు వారు నమ్మిరి.

ఈ కృషిని లోకము గుర్తింపకపోలేదు. గ్రామీణ ప్రసార కార్యములందు శ్రేష్ఠమైన సేవకుగాను ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో సంస్థ యిచ్చు బహుమానము 1984లో ఖేడా ప్రయోగమునకు లభించెను.

కాని ఆ నాటికే దేశమున గాలి మారుచుండెను. 1982లో రంగుల దూరదర్శనమును, ఢిల్లీ నుండి జాతీయ కార్యక్రమమును ప్రారంభమయ్యెను. 1983 ఆగస్టున ఇన్సాట్-1బి ఉపగ్రహమును పంపిరి. దాని సాయమున 1984లో దేశమంతటను చిన్న ప్రసారయంత్రములు త్వరత్వరగా వెలసెను. పరికరములను చూచిన అవి పీజ్ కేంద్రమునకు తోబుట్టువులే. అయితే వానిలో పెక్కింటికి చిత్రశాల లేదు, రచయిత లేడు, పల్లెకు పోయి ప్రశ్నించు పరిశోధకుడు లేడు. ఢిల్లీ నుండి వచ్చినదానిని అందించుట తక్క వానికి వేరు పనిలేదు. పీజ్ గ్రామమున పుట్టిన రెండింటిలో యంత్రము దేశమంతట వ్యాపించెను. పద్ధతి మాత్రము వ్యాపింపలేదు. 1980వ దశకమందు పీజ్ ప్రసారయంత్రమును మరియొక చోటికి తరలింపవలెనను ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ ప్రాంతపు ప్రజలు దానిని గట్టిగా ఎదిరించిరి. తమకు ఉపయోగము లేనిదాని కొరకు జనులు పోరాడరు. అయినను ఆ దశకము ముగియునప్పటికి ఖేడా ప్రయోగము ముగిసెను.

ఆ ప్రయోగము వ్యర్థమయ్యెనా? అట్లు తలచుట సరికాదు. దూరదర్శనము వంటి గొప్ప సాధనమును నిరక్షరాస్యులైన పల్లెవారి మేలుకొరకు, వారి సలహాతోనే నడుపుట సాధ్యమని అది నిరూపించెను. నేడు మన యిండ్లలో వందలకొలది ప్రసారములు కలవు; అరచేతిలో నిముడు యంత్రమున సైతము చిత్రములు కదలాడుచున్నవి. దూరము నుండి వచ్చు మాటకు నేడు కొరత లేదు. మన గ్రామపు చెరువు గట్టు ఏల తెగినది, మన కూలివానికి న్యాయమైన కూలి ముట్టినదా, మన పాఠశాలకు రాని బాలిక ఏల రాలేదు అను ప్రశ్నలను అడుగు ప్రసారము లెన్ని కలవో లెక్కించి చూచినచో, పీజ్ కేంద్రపు విలువ మనకు బోధపడును.

విద్యార్థులారా! ఏ ప్రసారమును చూచినను దాని చిత్రములు ఎంత స్పష్టముగ నున్నవో గమనించుటతో తృప్తిపడకుడు. అది ఎవరికొరకు మాటలాడుచున్నది, మాటలాడుటకు ముందు ఎవరి మాట వినినది అని గూడ విచారింపుడు. ఒక కిలోవాటు శక్తిగల ఆ చిన్న యంత్రము, ఈ రెండు ప్రశ్నలకును దిట్టమైన సమాధానము చెప్పగలిగెను.