దాస్తానులోని హమ్జా, చరిత్రలోని హమ్జా (రజి)

మధ్యయుగపు వీరగాథలు ఏ దేశంలో పుట్టినా వాటి కట్టుబాట్లు ఇంచుమించు ఒక్కటే: సభలో శపథం, నమ్మకమైన సహచరుడు, ప్రవాసం, చివరకు ప్రతీకారం. గుంటూరు సీమవారికి తెలిసిన పల్నాటి వీరుల కథలోనూ ఇవే ఉన్నాయి. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు ప్రవాసం పోతారు. పిదప రాయబారిగా వెళ్లిన అలరాజు విషానికి బలికాగా, కారెంపూడిలో యుద్ధం చెలరేగి బాలచంద్రుడు నేలకొరుగుతాడు.

పారసీక, ఉర్దూ భాషల్లో ఈ కోవకు చెందినదే అమీర్ హమ్జా దాస్తాను. అక్బర్ దీనికి సుమారు 1400 చిత్రాలు వేయించాడు. ఇందులో హమ్జా నౌషేర్వాన్ చక్రవర్తి కుమార్తె మెహర్ నిగార్‌ను ప్రేమిస్తాడు. పద్దెనిమిది రోజులకని కాఫ్ పర్వతానికి వెళ్లి పద్దెనిమిదేళ్లు చిక్కుబడతాడు. మారువేషాల మొనగాడు అమర్ అయ్యార్ అతని సహచరుడు.

ఇది కల్పన. నౌషేర్వాన్ క్రీ.శ. 579లో మరణించేనాటికి హజ్రత్ హమ్జా (రజి) ఇంకా బాలుడే. దైవప్రవక్త (స) పినతండ్రి అయిన ఆయన హిజ్రీ 3వ సంవత్సరంలో (క్రీ.శ. 625) ఉహద్ రణరంగంలో వహ్షీ విసిరిన బల్లెంతో షహీద్ అయ్యారు.

గాథ అయితే ఇక్కడ ప్రతీకారం కోరేది. చరిత్రలో జరిగింది వేరు. తర్వాత వహ్షీ ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) అతన్ని శిక్షించలేదు. తన కంటికి ఎదురుపడకుండా ఉండగలవా అని మాత్రమే అడిగారు. దాస్తానును వినోదానికి చదువుకోవచ్చు. కాని ఇంతటి దుఃఖాన్ని, ఇంతటి నిగ్రహాన్ని చూడాలంటే చరిత్ర దగ్గరికే వెళ్లాలి.