గోల్కొండ రేవు

టోలిచౌకి దాటి షేక్‌పేటలోకి వెళ్తే కుతుబ్‌షాహీల నాటి సరాయి ఒకటి కనిపిస్తుంది. బిడారులతో వచ్చిన వ్యాపారులు రాత్రికి దిగే రెండంతస్తుల రాతి కట్టడం అది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు బందరు గుర్తొస్తుంది. పక్కనే ఉన్న గోల్కొండ కోటకు సముద్రం ఇక్కడికి వందల మైళ్ల దూరంలో, మచిలీపట్నంలో, అంటే బందరులో, ఉండేది. ఆ రాజ్యానికి అదే పెద్ద రేవు. బందరు అన్న మాటకు ఫారసీలో అర్థమూ రేవే.

ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది 1611లో. డచ్చివాళ్లు వాళ్లకంటే కొన్నేళ్ల ముందే వచ్చారు. ఇరాన్ వర్తకులు వీళ్లందరికీ ముందునుంచే ఉన్నారు. గోల్కొండకు మంత్రి అయిన మీర్ జుమ్లా కూడా ఇరాన్ నుంచి వ్యాపారం మీద వచ్చినవాడే. ఇంతమందిని రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది అద్దకం బట్ట, మనం కలంకారీ అనేది. మిరియాలు, లవంగాలు పండే తూర్పు దీవులవాళ్లు వాటికి బదులుగా అడిగింది కోరమాండల్ తీరపు బట్టలనే.

ఆ బట్టలో అంత గొప్పేముంది? ఉతికినా పోని ఎరుపు. ముందు నూలు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లను చెక్క అచ్చుతో అద్దితే, కరక్కాయ తగిలి అది నల్లగా తేలుతుంది. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఛాయ కూడా ఉండదు. పారే నీటిలో జాడించి, చిరివేరు వేసిన రాగి కాగులో ఉడికిస్తే, పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. కంటికి కనపడని బొమ్మ కాగులో కనపడటం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఈ బట్ట ధాటికి తమ నేతగాళ్లు తట్టుకోలేరని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు దీన్ని ఆపుతూ చట్టాలు చేశాయి.

బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరంగా నిలిస్తే సరుకు పడవల మీద చేర్చాలి. వ్యాపారం మద్రాసుకు మళ్లింది, తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ తిన్న ఊరే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టింది. ప్రమోద కుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పితే, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నారు.

ఓడలు పోయినా అద్దకం మిగిలింది. బందరు పక్కనున్న పెడనలో ఇప్పటికీ పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, అచ్చు పెట్టి, దాని వీపు మీద అరచేత్తో ఒక్కటి చరుస్తారు. ఈసారి కలంకారీ చీర కొనేటప్పుడు దాన్ని పూర్తిగా విప్పించి అంచు వెంబడి చూడండి. ఒక అచ్చు ముగిసి ఇంకొకటి మొదలైన చోట తీగ కాస్త తప్పుతుంది, లేదా ఒకదానిమీదొకటి ఎక్కి రంగు చిక్కబడుతుంది. ఆ గీత దగ్గరే అద్దేవాడి చెయ్యి తెలుస్తుంది.