సముద్రపు అలంకార చేపలకు వృద్ధాప్యం

ఎన్నూరులో సముద్రం చేరువలోనే ఉంది. ఉప్పునీటి చేపల తొట్టెకు కావలసిన నీటిని అక్కడినుండే తెచ్చుకోవచ్చునని ఎవరికైనా తోచడం సహజం. కాని ఏళ్ల తరబడి గాజుతొట్టెలో పెరిగిన చేపకు ఆ నీరే ప్రాణాంతకం కావచ్చు.

నారింజరంగు మేనిపై తెల్లని పట్టీలుండే క్లౌన్ చేపలు శ్రద్ధగా పెంచినచోట ఇరవై ఏళ్లకు పైగా జీవించిన సందర్భాలున్నాయి. కనుక ఐదారేళ్లకే చేప నీరసిస్తే, వయసు మీరిందని సరిపెట్టుకోవడం తొందరపాటు అవుతుంది. ముందుగా పరీక్షించవలసినది నీటిని.

సముద్రపు నీరు చేప దేహద్రవాలకంటే ఉప్పగా ఉంటుంది. అందువల్ల చేప శరీరంలోని నీరు నిరంతరం బయటికి పోతుంటుంది. ఆ లోటు తీర్చుకొనేందుకు చేప ఉప్పునీటినే తాగి, అధికమైన ఉప్పును ముఖ్యంగా మొప్పల ద్వారా విసర్జిస్తుంది. ఈ శ్రమకు జీవితాంతం విరామం లేదు. వయసుతో మొప్పలు, మూత్రపిండాలు బలహీనపడిన చేప లవణీయతలోని ఆకస్మిక మార్పును తట్టుకోలేదు.

చేపతోపాటు తొట్టెలోని నీరు కూడా ముసలిదవుతుంది. విసర్జితాల నుండి పుట్టే అమ్మోనియాను బాక్టీరియాలు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. నీరు మార్చకపోతే నైట్రేటు పేరుకుపోతుంది, పి.హెచ్. క్రమంగా తగ్గుతుంది. మార్పు నెమ్మదిగా జరగడం వల్ల పాత చేప దానికి అలవాటుపడి, బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. అటువంటి తొట్టెలో నీరంతా ఒక్కరోజే మార్చడం మరింత ప్రమాదం. కొన్ని రోజులకొకసారి పదోవంతు చొప్పున మార్చడం మేలు.

రెండు కళ్లూ ఒకేసారి మసకబారితే సాధారణంగా నీటిదోషాన్ని, ఒక్క కన్నే మసకబారితే దెబ్బను అనుమానించాలి. పశుమాంసపు కొవ్వు మేపితే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. తలపైన, పార్శ్వరేఖ వెంబడి గుంటలు పడడానికి పోషకాహార లోపం ఒక కారణం. వయసు మీరిన చేపకు మేత తగ్గించి, సముద్రపు నాచు, రొయ్యముక్కలు వంటివి మార్చి మార్చి ఇవ్వాలి. కంతులు, వెన్నువంకర కనిపిస్తే మందులతో ప్రయోగాలు చేయకుండా నిపుణులకు చూపించాలి. ఎన్నూరుకు ఉత్తరాన పొన్నేరిలో మత్స్య కళాశాల, పరిశోధన సంస్థ ఉంది.

ఇక ఎన్నూరు తీరపు నీటి సంగతి. నగరి నదిని కలుపుకొని వచ్చే కొసస్తలై నది ఇక్కడే సముద్రాన్ని చేరుతుంది. ఈశాన్య రుతుపవనాల వరదలో నదీముఖం వద్ద లవణీయత బాగా పడిపోతుంది. 2017 జనవరి 28న రెండు నౌకలు ఢీకొన్నప్పుడు ఈ తీరానికి చమురు కొట్టుకువచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలతో మణలి వైపునుండి వచ్చిన చమురు నదీముఖమంతా పరచుకొని, జాలరుల జీవనోపాధిని దెబ్బతీసింది. కనుక శుద్ధిచేసిన మంచినీటిలో అక్వేరియం ఉప్పు కలిపి, హైడ్రోమీటరుతో సాంద్రత 1.023 నుండి 1.025 వరకు ఉండేలా చూసుకోవడమే క్షేమం. ఆవిరైన మేరకు మంచినీరే పోయాలి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు.

జబ్బుపడిన చేపను జాలితో నదీముఖంలో వదలడం ఎంతమాత్రం తగదు. తొట్టెలోని రోగం అక్కడి చేపలకు సోకవచ్చు. ఆ చేపలపై ఆధారపడిన కుటుంబాలు ఇప్పటికే తగినన్ని నష్టాలు చూశాయి.