పరాయి గడ్డపై తొలి వేట

పోయిన ఏడాది ఆగస్టులో హ్యూస్టన్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అంతకుముందు చలికాలంలో పక్కింటాయన దుప్పి మాంసం ఒక పెద్ద పొట్లం ఇచ్చాడట. అప్పుడు కొడుకును చూడడానికి గుంటూరు నుంచి వెళ్ళిన మా ఆపా అక్కడే ఉంది. వండి వడ్డిస్తే పళ్ళెం పక్కకు నెట్టేసింది. "ఎవరు కొట్టారో, ఎవరి పేరు తలచి కొట్టారో తెలియదు. నాకొద్దు బేటా" అన్నదట. "అందుకే మామూ, ఈసారి నేనే వేటకు వెళదామనుకుంటున్నాను. హలాల్ కావాలంటే ఏం చేయాలి?" అని అడిగాడు.

వాడు అక్కడి నిబంధనలు విచారించాడు. మేము ఇక్కడ ఉలమాను అడిగాము. వారం రోజులు ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి కనుక, అప్పుడు తెలిసిన సంగతులు పాఠకుల ముందుంచుతున్నాము.

మన పిల్లలకు వేట కొత్త. మా దాదా కాలంలో నాటు తుపాకీతో షికారుకు వెళ్ళేవారని కథలుగా విన్నదే తప్ప, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇక్కడ అడవి జంతువు మీద చేయి వేస్తే నేరమే. కృష్ణజింకను చంపితే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలు. టెక్సాస్‌లో తీరు వేరు. అక్కడ వేట నేరం కాదు, కానీ దాని చుట్టూ ఉన్న నిబంధనలు తక్కువేమీ కావు. కొత్తగా వెళ్ళినవాడు పొరబడేది ఇక్కడే. తుపాకులు అంగట్లో దొరుకుతున్నాయి గదా, అడవి ఎదురుగా ఉంది గదా అనుకుంటాడు.

ముందుగా వీసా సంగతి. ఉద్యోగం మీద, చదువు మీద తాత్కాలిక వీసాతో వెళ్ళినవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తున్నది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. తాత్కాలిక వీసావారికి ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది, అక్కడి ప్రభుత్వం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండడం. అంటే లైసెన్సు ముందు, తుపాకీ తరువాత. స్నేహితుడి తుపాకీని సరదాగా పట్టుకుని ఫోటో దిగడం కూడా చిక్కు తెచ్చిపెట్టవచ్చు. లైసెన్సు గడువు దాటితే ఆ మినహాయింపూ పోతుంది. ఈ ఒక్క విషయంలో మిత్రుల మాట నమ్మవద్దనీ, వీసా వ్యవహారాలు చూసే వకీలును అడగమనీ మావాడికి గట్టిగా చెప్పాము.

టెక్సాస్ లైసెన్సులు ఏటా ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. సెప్టెంబరు 1 మొదలు మరుసటి ఆగస్టు 31 వరకు చెల్లుతాయి. వరుసగా ఆరు నెలలకు పైగా ఆ రాష్ట్రంలో ఉన్నవారు నివాసి రుసుముతో తీసుకోవచ్చు. బయటివారికి రుసుము పదింతలు దాటుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పాఠం పూర్తి చేయాలి. 17 ఏళ్ళు నిండినవారు దాన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చదువుకోవచ్చు. మావాడు రెండు సాయంత్రాల్లో ముగించాడు.

ఇక చోటు. ఆ రాష్ట్రంలో నూటికి 95 వంతులకు పైగా భూమి ప్రైవేటు వ్యక్తులది. యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు. చెట్లకూ గుంజలకూ ఊదారంగు పట్టీలు వేసి ఉంటే "లోపలికి రావద్దు" అని అర్థం. అక్షరం ముక్క కనిపించకపోయినా చట్టం ముందు అది బోర్డుతో సమానమే. ఏటా కౌలు చెల్లించి వేటాడేవారు కొందరు. అంత స్తోమత లేని కొత్తవారికి ప్రభుత్వ వార్షిక పర్మిట్ ఉంది. దానితో దాదాపు పది లక్షల ఎకరాల్లో వేటాడవచ్చు. ఆ భూముల్లో ఛాతీ మీదా వీపు మీదా మెరిసే నారింజరంగు గుడ్డ వేసుకోవాలి. సాటి వేటగాడు మనిషిని జింక అనుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు.

రైతులు కొత్తవారిని తేలిగ్గా రానిచ్చే వేట ఒకటుంది, అడవి పందుల వేట. ప్రైవేటు భూమిలో వాటిని కొట్టడానికి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. మావాడి సహోద్యోగి మొదట పిలిచింది దానికే! వీడు నవ్వి, దణ్ణం పెట్టి తప్పుకున్నాడు.

అసలు సందేహం తూటా దగ్గర వచ్చింది. దివ్య ఖుర్ఆన్ 'మాయిదా' సూరా వేటను అనుమతిస్తూనే అల్లాహ్ పేరు తలచాలని ఆదేశించింది. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి అడిగిన ప్రశ్నలకు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానాలే ఈ విషయంలో పునాది. ఆయుధం మొన గుచ్చుకుని చస్తే తినవచ్చు, అడ్డంగా తగిలిన దెబ్బకు చస్తే తినరాదు. బాణం తగిలి నీళ్ళలో పడి చచ్చి కనబడితే తినరాదు, చంపింది బాణమో నీరో తెలియదు కాబట్టి. ఈ చివరి మాట చెరువుల మీద బాతులు కొట్టేవారు తప్పక గుర్తుంచుకోవాలి.

మరి తూటా గుచ్చుకుంటుందా, దెబ్బ కొడుతుందా? మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో, 19వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ మొదలు నేటి దేవ్‌బంద్ ముఫ్తీల వరకు, తూటాకు అక్కడికక్కడే చచ్చిన జంతువును తినరాదన్నారు. కొన ఊపిరి ఉండగా అందుకుని జిబహ్ చేస్తేనే హలాల్. యెమెన్ పండితుడు షౌకానీ, ఈ కాలపు అరబ్బు పండితులు అనేకులు మాత్రం తూటా ఒంట్లోకి దూసుకుపోతుంది గనుక బాణంతో సమానమన్నారు. ఇద్దరి వాదనకూ ఆధారాలున్నాయి. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కానీ హనఫీ ఇంటి తల్లి పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు ఈ వాదన తేలాలని చూస్తుందా?

కాబట్టి మేము విల్లు పట్టమన్నాము. బాణం మొన విషయంలో భేదాభిప్రాయం లేదు. పైగా విల్లును తుపాకీల చట్టం కిందికి తీసుకోరు కనుక వీసా తలనొప్పీ తగ్గుతుంది. తుపాకీల కాలం నవంబరు మొదటి శనివారం మొదలైతే, దుప్పుల విల్లువేట దానికి నెల రోజుల ముందే మొదలవుతుంది. దానికి లైసెన్సు మీద అదనపు ముద్ర వేయించుకోవాలి. మావాడు ఆరు వారాలు రోజూ సాయంత్రం గడ్డి మోపు మీద గురి నేర్చుకున్నాడు. గురి కుదరకుండా ప్రాణి మీద బాణం వదలడం హింసే. ప్రాణమున్నదాన్ని గురిచూసే ఆటవస్తువుగా చేసుకోవద్దని ప్రవక్త (స) వారించిన సంగతి మనకు తెలిసిందే.

ఇంకో రెండు మాటలు. బాణం వదిలే క్షణంలో బిస్మిల్లాహ్ అనాలి. మరచిపోతే హనఫీల దగ్గర క్షమ ఉంది, తెలిసి వదిలేస్తే లేదు. చేరేసరికి ప్రాణముంటే జిబహ్ తప్పనిసరి కనుక కత్తి మొలలో ఉండాలి. పడిన జంతువుకు లైసెన్సుతో వచ్చిన చీటీ అక్కడికక్కడే కట్టాలి. తినదగిన మాంసాన్ని పాడుచేస్తే టెక్సాస్‌లో అదీ నేరమే. ఈ నిబంధన విని మా ఆపా "మంచి చట్టమే" అన్నది.

అక్కడ మన జింకలు కూడా ఉన్నాయి. 1930ల ప్రాంతంలో కృష్ణజింకనూ, చుక్కల దుప్పినీ, మనం మనుబోతు అనే నీల్‌గాయ్‌నూ అక్కడికి తెచ్చి వదిలారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. ఇక్కడ ముట్టుకుంటే నేరమైన ఆ ప్రాణులను అక్కడ లైసెన్సుతో, భూయజమాని అనుమతితో ఏడాది పొడవునా వేటాడవచ్చు. అయితే వాటిని కంచెలు వేసి పెంచే చోట్లు ఎక్కువ. చేతికి చిక్కేంత చిన్న ఆవరణలోని జంతువుకు వేట నియమం వర్తించదని, పట్టుకుని జిబహ్ చేయాల్సిందేనని ఉలమా చెప్పారు. బయలుదేరే ముందే కంచె ఎంత పెద్దదో కనుక్కోవాలి.

దుప్పులను సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కొట్టవచ్చు. అది ఫజర్ వేళ. అక్టోబరులో ఒక శనివారం మావాడు చెట్టు కిందే నమాజు చేసి, పొదలో కూర్చున్నాడు. వెలుగు వచ్చాక ఒక దుప్పి వచ్చి ముప్పై గజాల్లో నిలబడింది. కానీ ఎదురుగా తిరిగి ఉంది, పక్క ఇవ్వలేదు. విల్లు లాగి పట్టుకుని, చేతులు వణికేదాకా చూసి, మెల్లగా దించేశాడు. అది వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గుంటూరుకు ఫోన్ చేసి ఖాళీ చేతులతో వచ్చానని చెబితే, మా ఆపా "మళ్ళీ ఎప్పుడు వెళ్తావ్?" అని మాత్రం అడిగింది.