ఓడిన గురువు, నిలిచిన ఆట



బాస్కెట్‌బాల్‌ను మా పక్క తమిళంలో కూడైపందు అంటారు. కూడై అంటే బుట్ట, పందు అంటే బంతి. ఆట పుట్టిన కథ ఆ పేరులోనే ఉంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో లోపల ఆడుకోవడానికి ఈ ఆటను కల్పించారు. రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల పైవరండాకు మేకులతో కొట్టించారు. అది పది అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ బుట్ట ఎత్తు పది అడుగులే.

ఆ నైస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పురుషుల జట్టును ప్రారంభించారు. 1899లో జరిగిన మొదటి పోటీలో ఆ జట్టు 5-16 తేడాతో ఓడింది. ఆయన శిక్షణలో మొత్తం 55 గెలుపులు, 60 ఓటములు. ఆట కనిపెట్టిన మనిషి లెక్కలో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ! ఆయన దృష్టిలో ఆట అంటే శరీరానికీ, నడవడికకూ చదువు. గెలుపు ఆ తరువాతి మాట.

ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ దారి వేరు. ఆటను పాఠంలాగా నేర్పవచ్చునని ఆయన నమ్మకం. 1952లో ఆలెన్ జట్టు జాతీయ విజేత అయింది. 1955లో తెరిచిన క్రీడాభవనానికి ఆయన పేరు, అందులోని ఆటస్థలానికి గురువు పేరు పెట్టారు. ఆ తరువాత జట్టు 1988, 2008, 2022 సంవత్సరాల్లోనూ జాతీయ విజేత అయింది. 1988 జట్టు ఆ ఏడాది 11 పోటీల్లో ఓడి కూడా చివరికి గెలిచింది. 2022 తుదిపోటీలో సగం ఆట ముగిసేసరికి 25-40తో వెనుకబడి, చివరకు 72-69తో నెగ్గింది.

గెలుపుల జాబితాలో కనిపించని పేరు ఒకటి చెబుతాను, వినండి. 1930లలో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి అక్కడ చదివారు. రంగు కారణంగా ఆయనకు జట్టులో చోటు లేదు. నైస్మిత్ మాత్రం ఆయన్ను దగ్గరకు తీసి ఆట నేర్పే విద్య చెప్పారు. మెక్‌లెండన్ 1957, 58, 59లలో వరుసగా మూడుసార్లు తన కళాశాల జట్టుకు చిన్న కళాశాలల జాతీయ పోటీల విజయం తెచ్చిపెట్టారు. మరి నైస్మిత్ నిజంగా ఓడినట్టా?

ఇక రాబోయే సీజన్ సంగతి. అక్కడి కళాశాల పోటీలు నవంబరులో మొదలవుతాయి. జనవరి నుంచి తమ కూటమిలోని విశ్వవిద్యాలయాలతో పోరు, మార్చిలో జాతీయ పోటీలు. అందులో ఒక్కసారి ఓడితే ఇంటికే. అందుకే శ్రద్ధగా చదివిన విద్యార్థి పరీక్షనాడు తప్పినట్టుగా, గొప్ప జట్లు కూడా ఒక్క సాయంత్రంలో వెనక్కి వస్తాయి.

ఒక మార్పు గమనించండి. 2021 నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా వాటా ఇవ్వవచ్చు. ఏళ్లతరబడి వాళ్ల ఆటమీద ఇతరులు సంపాదించారు కనుక ఇది న్యాయమే. అయితే మంచి ఆటగాళ్లు ఏటేటా కళాశాల మారుతున్నారు. గురువు నాలుగేళ్లు తీర్చిదిద్దే అవకాశం తగ్గుతోంది. కొత్త సీజన్‌లో ఏ జట్టుకైనా అసలు పరీక్ష, కొత్తగా చేరినవారిని కొద్ది వారాల్లో ఒక్కటి చేయడమే.

ఇదంతా మనకెందుకు అంటారా? 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. శారీరక విద్యా కళాశాలను స్థాపించిన హ్యారీ క్రో బక్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవారే. అక్కడ తయారైన డ్రిల్లు మాస్టార్లు దక్షిణాది బడులకు ఆటలు తెచ్చారు. మీ ఊరి బడిలో జట్టు ఓడి వస్తే ఎన్ని పాయింట్లు అని మాత్రమే అడగకండి. బయట నిలబెట్టిన పిల్లవాడు ఎవరైనా ఉన్నాడా అని కూడా అడగండి.

సెలవు.