కండరం పైనా? కిందా?

ఆపరేషను చేయించుకోవాలా, వద్దా అన్నదాని మీద మన ఇళ్లలో నెలల తరబడి వాదోపవాదాలు జరుగుతాయి. ఖర్చెంత, మత్తుమందు వల్ల ప్రమాదమా, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు - ఇవన్నీ అడుగుతారు. ఆ సిలికోన్ సంచిని ఒంట్లో సరిగ్గా ఎక్కడ అమరుస్తారని మాత్రం అడగరు. రొమ్ముకు చేసే ఇంప్లాంటు ఆపరేషను బాగోగులు సగానికి సగం ఆ ఒక్క ప్రశ్నలో వున్నాయని, మా అక్కయ్య కూతురి వెంట డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు తెలిసింది.

అమ్మాయి విశాఖపట్నంలో పిల్లలకు ఈత నేర్పుతుంది. వయసు 26. ఈడు వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఒక పక్క రొమ్ము సరిగా పెరగలేదు. ఇది జబ్బేమీ కాదు. రెండింటికీ కాస్త హెచ్చుతగ్గు చాలామంది ఆడవాళ్లకు వుంటుంది. ఈమెకు ఆ తేడా మరీ ఎక్కువ. చీరలో దాచుకోవచ్చు, ఈతదుస్తుల్లో ఎలా దాచటం? లోపల పెట్టుకున్న మెత్త ఒకరోజు జారి నీళ్లమీద తేలిందట. పిల్లలు చూశారు. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి, "పిన్నీ, నువ్వు రా. అమ్మ వస్తే డాక్టరు ముందే ఏడుస్తుంది" అన్నది.

అక్కయ్య నిజంగానే ఏడ్చింది. "పెళ్లి కావలసిన పిల్ల! దేవుడిచ్చిన ఒంటికి కత్తి ఎందుకే?" అని. పెళ్లి కోసం కాదమ్మా, నా కోసం అని పిల్ల ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

కత్తి కథ మాత్రం కొత్తది కాదు. 1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జను, గడ్డ తీసివేసినందువల్ల చిన్నదైపోయిన రొమ్ములో, ఆ రోగి ఒంట్లోనే మరోచోట వున్న కొవ్వుగడ్డను తెచ్చి అమర్చాడు. ఆ తరువాత కొందరు కరిగించిన మైనాన్ని, మరికొందరు ద్రవరూపంలో వున్న సిలికోన్‌ను సూదితో ఎక్కించి చూశారు. గడ్డలు కట్టి, పుళ్లు పడి ఎందరో స్త్రీలు నానా అవస్థలూ పడ్డారు. చివరకు 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఇద్దరు సర్జన్లు సిలికోన్ జెల్లు నింపిన సంచిని మొదటిసారిగా ఒక స్త్రీకి అమర్చారు. కండరం కింద పెట్టే పద్ధతి 1968లో వైద్యపత్రికలకు ఎక్కింది. పైనా, కిందా అన్న తగవు అప్పటి నుంచీ నడుస్తూనే వుంది.

ఏమిటా కండరం? అరచేతిని తుంటి మీద పెట్టి గట్టిగా నొక్కి చూడండి. రొమ్ము వెనకాల ఒకటి బిగుసుకుంటుంది. అదే పెక్టొరాలిస్ మేజర్. దాని మీద పాలగ్రంథి, కొవ్వు, ఆ పైన చర్మం. సంచిని పాలగ్రంథికీ కండరానికీ మధ్య పెడితే "పైన" పెట్టినట్లు. కండరాన్ని లేపి దానికీ పక్కటెముకలకూ మధ్య పెడితే "కింద" పెట్టినట్లు.

పైన పెడితే నొప్పి తక్కువ, త్వరగా కోలుకుంటారు. కానీ మనిషి సన్నగా వుంటే పల్చని బట్ట కింద చెయ్యి పెట్టినట్లు సంచి అంచులూ ముడతలూ బయటపడతాయి. ఇంకో చిక్కుంది. ఒంట్లోకి పరాయి వస్తువు ఏది వచ్చినా శరీరం దాని చుట్టూ ఒక పొర అల్లుతుంది. కొందరిలో ఆ పొర బిగిసి, రొమ్ము రాయిలా గట్టిపడి నొప్పి పెడుతుంది. ఈ బాధ పైన పెట్టినవారిలోనే ఎక్కువ.

కింద పెడితే సంచి పైభాగాన కండరం దుప్పటిలా కప్పుతుంది. అంచులు కనిపించవు, గట్టిపడటం తక్కువ. ముందు ముందు క్యాన్సరు పరీక్షకు మామోగ్రాం తీసినప్పుడు కూడా రొమ్ము కొంచెం సులువుగా కనిపిస్తుంది. అయితే మొదటి రోజుల్లో నొప్పి బాగా వుంటుంది. పైగా బరువెత్తినప్పుడు, చెయ్యి బలంగా తిప్పినప్పుడు కండరం బిగిసి సంచిని నొక్కుతుంది. రొమ్ము ఉన్నట్లుండి పక్కకు గెంతినట్లవుతుంది.

ఈ రెంటి మధ్య రాజీగా డాలస్ సర్జను జాన్ టెబెట్స్ 2001లో ఒక పద్ధతి వివరించాడు. కండరం అడుగు అంచును పక్కటెముకల నుంచి విడదీస్తారు. సంచి పైసగం కండరం కింద, కిందిసగం పాలగ్రంథి కింద వుంటుంది. ఇప్పుడు చాలామంది సర్జన్లకు ఇదే ఇష్టం. ఇది కాక, కండరాన్ని అంటిపెట్టుకుని వున్న పల్చని పొరను మాత్రమే లేపి దాని కింద పెట్టే నాలుగో దారి కూడా వుంది.

మరి ఎవరికి ఏది? డాక్టరుగారు రొమ్ము పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఆ మందం కొలిచారు. 2 సెంటీమీటర్ల కన్న తక్కువైతే కండరం కప్పు అవసరమన్నది సర్జన్ల లెక్క. మా పిల్లకు 1.5 వచ్చింది.

"చూడమ్మా, లెక్క ప్రకారమైతే కిందే పెట్టాలి" అన్నారాయన. "కాని నువ్వు రోజూ ఆ కండరంతోనే బతుకుతున్నావు. ఈతలో ప్రతి బారకూ అది బిగుస్తుంది. పైగా సంచి ఒక పక్కనే. గెంతితే ఒకటే గెంతుతుంది, రెండోది ఊరుకుంటుంది."

మా అమ్మాయి ముఖం చూడాలి! ఏ తేడా దాచుకోలేక వచ్చిందో, ఆ తేడాయే నీళ్లలో ఇంకో రూపంలో ఎదురుపడుతుందన్నమాట. రాజీ పద్ధతిలో కూడా ఆ గెంతటం పూర్తిగా పోదని ఆయన దాచకుండా చెప్పారు. తొందరపెట్టలేదు. ఆ మర్యాద అందరు డాక్టర్లలోనూ వుండదు. ఆ ముందు వారం మేము చూసిన మరొకాయన పది నిమిషాల్లో అంతా తేల్చి, అడ్వాన్సు కట్టమన్నాడు. ఏం పనిచేస్తావని కూడా పిల్లను అడగలేదు.

మూడు వారాలు ఆలోచించి అమ్మాయి నాలుగో దారి ఎంచుకున్నది. సంచి చిన్నది, పైభాగంలో తన ఒంటి కొవ్వే కాస్త ఎక్కించాలి. సన్నటి పిల్ల కనుక కొవ్వు ఎక్కువ దొరకదు, దొరికినదాంట్లోనూ కొంత కరిగిపోతుంది. అంచు తగలవచ్చు, గట్టిపడవచ్చు. అన్నీ విని, "తగిలితే నాకే కదా తగిలేది. ఈత మాత్రం పోకూడదు" అన్నది.

కోత విషయంలో పెద్ద చర్చ జరగలేదు. రొమ్ము కింద మడతలో కోస్తే మచ్చ అక్కడే దాగుతుంది. చంకలోనుంచీ, చనుమొన చుట్టూ వున్న నల్లని వలయం అంచునుంచీ కూడా చేస్తారు. రేపు బిడ్డకు పాలివ్వాలనుకునేవాళ్లు ఈ చివరిదాని గురించి గట్టిగా అడగాలి, పాలనాళాలు అక్కడే వుంటాయి.

సంచి పైతొడుగు సంగతి మాత్రం అడిగి తీరాలి. గట్టిపడటం తగ్గించటానికని గరుకు తొడుగుల సంచులు తయారుచేశారు. తీరా వాటి చుట్టూ వున్న పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సరు పుడుతున్నదని తేలి, 2019 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కోరిన మీదట అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నది. అంతకుముందు ఫ్రాన్సులో పి.ఐ.పి. అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికోన్ నింపి అమ్మిన మోసం 2010లో బయటపడింది. 2013లో దాని యజమానికి జైలుశిక్ష పడింది. మా అమ్మాయి నున్నని తొడుగునే కోరుకున్నది.

ఇంకొకటి. ఈ సంచి జీవితాంతం వుండేది కాదు. అది లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకని 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ పైన రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండో ఎం.ఆర్.ఐ.యో తీయించుకోమని ఆ అమెరికా సంస్థే సలహా ఇస్తున్నది. మామోగ్రాంకు వెళ్లినప్పుడు ఇంప్లాంటు వున్నదని ముందే చెప్పాలి. సంచిని వెనక్కు నెట్టి వేరే కోణాల్లో ఫొటోలు తీస్తారు.

ఆపరేషను జరిగింది. కొన్ని వారాల తరువాత డాక్టరుగారి అనుమతితో పిల్ల నీళ్లలోకి దిగింది. వేలితో నొక్కితే ఒకచోట అంచు తగులుతున్నదట. సంచి కంపెనీ పేరూ, సైజూ, నంబరూ వున్న కార్డును ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అమ్మాయి బల్ల మీద వదిలేస్తే, అక్కయ్య ఏమీ అనకుండా తీసుకువెళ్లి బీరువాలో ఇంటి దస్తావేజుల మధ్య పెట్టి తాళం వేసింది.