పాత వ్యానులో పెట్రోలు ఎక్కడ పోతోంది?

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి... ఈ ప్రాంతంలో ఏ ఊరికి వెళ్లినా ఒకటి రెండు పాత మారుతీ వ్యాన్లు కనబడతాయి. పెద్దవాళ్లను విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, పెళ్లికి ఇంటిల్లిపాది కదలాలన్నా, కాలిపోయిన మోటారును వైండింగుకు ఇవ్వాలన్నా అదే బండి. 1984లో రోడ్డెక్కిన ఈ వ్యాను తరవాత ఓమ్నిగా పేరు మార్చుకుని 2019లో తయారీ ఆగిపోయేదాకా నడిచింది. 2010లో ఈకో వచ్చింది. తయారీ ఆగినా ఓమ్ని సామాన్లకు కొదవ లేదు, విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. అందుకే చిన్న రైతులు సెకండుహ్యాండులో దీన్నే కొంటున్నారు.

కొన్న ఆరు నెలలకు వినబడే మాట మాత్రం ఒకటే. ‘బండి బాగానే ఉంది గానీ పెట్రోలు తాగేస్తోందండీ!’

ఎంత తాగుతోందో ముందు లెక్క తేల్చాలి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. మళ్లీ నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చూడండి. 238 కిలోమీటర్లకు 17 లీటర్లు పడితే లీటరుకు 14 వచ్చినట్లు. ఒక్కసారి చూసి వదిలేయొద్దు. నాలుగుసార్లు రాస్తే గానీ నిజం తెలియదు. మంచి స్థితిలో ఉన్న ఓమ్ని మన రోడ్ల మీద సుమారుగా 14, 15 ఇవ్వాలి. 12కు దిగిందంటే ఎక్కడో తేడా ఉన్నట్లే. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే బండి 15 ఇస్తే 667 లీటర్లు, 12 ఇస్తే 833 లీటర్లు కావాలి. తేడా 166 లీటర్లు. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అది పదహారు వేల పైచిలుకు. ఎకరం వరికి ఎరువులు కొనగా ఇంకా మిగిలే సొమ్ము.

తూము తీసేస్తే ఎలా?

ఈ వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఎండాకాలం తొందరగా వేడెక్కుతుంది. దీనికి కొందరు మెకానిక్కులు ఒక చిట్కా చేస్తారు. థర్మోస్టాట్ అనే చిన్న భాగాన్ని పీకి పక్కన పడేస్తారు. ‘ఇక హీటు రాదు’ అంటారు. నిజమే, చాలాసార్లు రాదు. కానీ పెట్రోలు పోయే దారుల్లో ఇదొకటి.

థర్మోస్టాట్ అంటే కాలువకు తూము లాంటిది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది. ఇంజనులో నీళ్లు 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని వాటిని రేడియేటరుకు వదులుతుంది. తూమే లేకపోతే మొదటి నుంచీ నీళ్లు తిరిగిపోతుంటాయి, ఇంజను ఎప్పటికీ సరిగా వేడెక్కదు. చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, సగం మండి పొగలో పోతుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలో అయితే ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు అదనంగా పెట్రోలు పంపుతూనే ఉంటుంది. పైగా సిలిండరు గోడల మీద ఆయిలు కడుక్కుపోయి రింగులు అరుగుతాయి. పది కిలోమీటర్లు నడిచాక కూడా వేడి చూపే ముల్లు అడుగునే ఉంటే థర్మోస్టాట్ తీసేశారేమో అడగండి. కొత్తది కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

ఇంజను వేడెక్కడానికి అసలు కారణం రేడియేటరులో పోసే నీళ్లే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే సన్న గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, అల్యూమినియం హెడ్డు తినేస్తుంది. పైరుకే పనికిరాని నీళ్లు ఇంజనుకు పనికొస్తాయా? బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరు, కూలెంటు సగం సగం కలిపి పోయించండి. మూత మాత్రం ఇంజను పూర్తిగా చల్లారాకే తీయాలి. వేడి మీద తీస్తే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

గాలి, దుమ్ము, బ్రేకులు

కోతలు, నూర్పిళ్ల రోజుల్లో కళ్లాల పక్క నుంచి తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. కార్బురేటరు బండి అయితే దీనివల్ల పెట్రోలు ఎక్కువ లాగి నల్ల పొగ వదులుతుంది. ఎంపీఎఫ్ఐ బండికి పికప్పు పోతుంది, మీరు యాక్సిలరేటరు ఇంకా తొక్కుతారు. ఆ సీజనులో నెలకోసారి ఫిల్టరు తీసి లోపలి నుంచి బయటికి గాలి కొట్టించండి. చిరుగు ఉంటే మార్చేయండి. గడ్డి ధూళి సిలిండరులోకి పోతే ఇసుక కాగితంతో రుద్దినట్లే.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. గాలి నాలుగో వంతు తగ్గితే పెట్రోలు 5 నుంచి 10 శాతం దాకా అదనంగా అవుతుందని అంచనా. వ్యానులో ధాన్యం వేసేవాళ్లూ ఉన్నారు. 75 కిలోల బస్తాలు ఐదు వేస్తే 375 కిలోలు. ఐదుగురు మనుషుల కంటే ఎక్కువ బరువు అది. వెనక స్ప్రింగులు వంగిపోతాయి. ఇక ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు ఎక్కడుంటుంది?

వానాకాలం గట్ల మీద తిరిగాక బ్రేకు డ్రమ్ముల్లో బురద చేరి బ్రేకులు పట్టేస్తుంటాయి. పది కిలోమీటర్లు నడిపి, ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోనక్కరలేదు. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. అది అటు పెట్రోలునూ, ఇటు బ్రేకునూ తినేస్తోంది.

స్పార్కు ప్లగ్గులు ఓమ్నికి మూడు, ఈకోకు నాలుగు. తీసి చూస్తే మొన బిస్కట్టు రంగులో ఉంటే బాగున్నట్లు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆయిలు తడి ఉంటే రింగులో, వాల్వు సీళ్లో పోయాయి. అప్పుడు మైలేజీ కోసం కార్బురేటరు తిప్పించి ప్రయోజనం లేదు. పాత ఇంజనుకు ఆయిలు 5,000 కిలోమీటర్లకోసారి మార్చాలి.

నడిపే తీరూ ముఖ్యమే. బందరు రోడ్డు బాగుంది కదా అని ఎనభైలో పోతే డబ్బాలాంటి ఈ వ్యానును గాలి గట్టిగా వెనక్కి నెడుతుంది. యాభై, అరవై మధ్య పోతే చాలు. గేటు పడినప్పుడు ఇంజను ఆపేయండి. ఆగి ఉన్న ఇంజను కూడా గంటకు అర లీటరు దాకా తాగుతుంది.

పెట్రోలులో ఇథనాల్

2025 నుంచి బంకుల్లో ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. చెరకు, మొక్కజొన్న, నూకలతో తయారయ్యేదే కాబట్టి పండించే రైతుకు మంచిదే. నడిపే రైతుకు మాత్రం కాస్త నష్టం. దానిలో శక్తి పెట్రోలు కంటే తక్కువ. పాత తరహా కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికే చెప్పింది. మీ లెక్కల పుస్తకంలో ఈ కొంచెం తగ్గితే మెకానిక్కును తిట్టకండి. కానీ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడు చేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పైపులు బీటలిచ్చాయేమో, పెట్రోలు వాసన వస్తోందేమో చూసుకోండి. సీట్ల కిందే ఇంజను ఉన్న బండిలో పెట్రోలు కారడం చిన్న విషయం కాదు. నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచొద్దు.

వంట సిలిండరు వద్దు

ఖర్చు తగ్గుతుందని వంటగ్యాసు సిలిండరు వ్యాను వెనక పెట్టి నడిపేవాళ్లు ఉన్నారు. ఇది నేరం. 2001లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు దీన్ని నిషేధించింది. నేరం మాట అటుంచండి. వంటగ్యాసు గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, బండి అడుగున, పిల్లల కాళ్ల దగ్గర చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. వాహనాల కోసం చేసిన గ్యాసు ట్యాంకుకు 80 శాతం నిండగానే ఆగిపోయే వాల్వు ఉంటుంది, వంట సిలిండరుకు అది లేదు. గ్యాసే కావాలంటే కంపెనీ బిగించిన సీఎన్‌జీ ఈకో చూసుకోండి. దాని సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించిన కాగితం ఉందో లేదో అడగండి.

ఇప్పుడు కొనబోయేవాళ్లు మరొకటి చూసుకోవాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, రంగు వేసి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మడతల్లో ఒండ్రు మరక ఉంటుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్టు కింద ముక్క వాసన కూడా చెబుతాయి. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్లే, బేరం ఆపేయండి. పదిహేనేళ్లు దాటిన బండి అయితే ఆర్‌సీ రెన్యువల్ అయిందా, ఎప్పటిదాకా ఉందో చూసి, బీమా మీ పేరుకు మార్పించుకున్నాకే రోడ్డెక్కండి. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చెల్లించనని తిరగబడుతుంది.